సొంత కారు, కంపెనీ పని: కిలోమీటరు డబ్బులు పోకుండా ఎలా రాబట్టుకోవాలి

బెంగళూరులో సేల్స్, సర్వీసు, ప్రాజెక్టు సైట్ల పని చేసే మన తెలుగువాళ్లలో చాలామందికి కంపెనీ కారు ఉండదు, సొంత కారే దిక్కు. పొద్దున వైట్‌ఫీల్డ్, మధ్యాహ్నం పీణ్య, సాయంత్రానికి బొమ్మసంద్ర. నెలాఖరుకు ఎక్కడెక్కడ తిరిగామో మనకే గుర్తుండదు. క్రెడిట్ కార్డు బిల్లులో పెట్రోల్ ఖర్చు చూసి గుండె గుభేలుమంటుంది. ఆ రాత్రి కూర్చుని పాత వాట్సాప్ మెసేజీలు వెతుక్కుంటూ క్లెయిము నింపి పంపుతాం. అందులో సగం కొట్టేస్తారు.

నేను నాలుగేళ్లు సర్వీసు ఇంజనీరుగా ఇలాగే తిరిగాను. 2019లో మూడు నెలల క్లెయిము ఒకేసారి పెట్టాను, 14,300 రూపాయలు. ప్రతి వరుసలోనూ 'కస్టమర్ విజిట్' అని మాత్రమే రాశాను. అకౌంట్స్‌లో మా అనంతపురం వైపు పెద్దాయన ఒకరు ఉండేవారు. పిలిచి కూర్చోబెట్టి, "ఏం నాయనా, ఈ నెలలో 640 కిలోమీటర్లు రాసినావే, ఎక్కడెక్కడికి పోయినావు?" అని అడిగారు. నాకు నాలుగు చోట్లు తప్ప గుర్తు రాలేదు. ఆయనకు నా మీద కోపమేమీ లేదు. ఆడిటర్ అడిగితే చూపించడానికి ఆయన చేతిలో కాగితం లేదు, అంతే. చివరికి నాకు వచ్చింది 5,200. మిగతా తొమ్మిది వేలు నా జేబులోంచి పోయాయి, నేను నిజంగా తిరిగిన తిరుగుడుకే.

ఇప్పుడు పదిమంది క్లెయిములు చూసి సంతకం పెట్టి అకౌంట్స్‌కు పంపే పని నాది. రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి ఎక్కడ డబ్బు జారిపోతుందో తెలుసు. వరుసగా చెబుతాను.

ముందు ఆఫర్ లెటరు, ట్రావెల్ పాలసీ బయటికి తీయండి

మన దేశంలో ప్రైవేటు కంపెనీ తన ఉద్యోగికి కిలోమీటరుకు ఇంత ఇచ్చి తీరాలని ప్రభుత్వం పెట్టిన రేటు లేదు. అందుకని మీ హక్కు ఎంత అన్నది మీ కంపెనీ పాలసీలో రాసినంతే. చాలామంది ఈ కాగితం ఒక్కసారి కూడా చదవరు, పక్క సీటు వాళ్లను అడిగి ఊరుకుంటారు. మీరు చదవండి.

చదివేటప్పుడు ముఖ్యంగా చూడాల్సింది, మీకు డబ్బు ఏ పద్ధతిలో వస్తోందన్నది. కొన్ని కంపెనీలు కిలోమీటరుకు ఇంత అని ఇస్తాయి. కొన్ని పెట్రోల్ బిల్లులు పెడితే ఆ మొత్తం ఇస్తాయి. కొన్ని నెలకు ఇంత అని జీతంతో పాటు కన్వేయన్స్ అలవెన్సు వేసి చేతులు దులుపుకుంటాయి. ఐటీ కంపెనీల్లో ఇంకొకటి ఉంటుంది: సీటీసీలోనే, అంటే కంపెనీ ఏడాదికి మీకు చెప్పే మొత్తం జీతం ప్యాకేజీలోనే, 'ఫ్యూయల్ అండ్ మెయింటెనెన్స్' అని ఒక భాగం. అది మీ జీతంలోంచి విడదీసిన డబ్బే, కంపెనీ పని మీద తిరిగినందుకు అదనంగా ఇచ్చేది కాదు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని డ్యూటీ ప్రయాణాల క్లెయిము అసలు పెట్టని వాళ్లను చూశాను. ఒకే పెట్రోల్ బిల్లును రెండు చోట్లా పెట్టి దొరికిపోయిన వాళ్లనూ చూశాను. రెండు పద్ధతులూ ఉంటే ఏ బిల్లు దేనికో మొదటి రోజే విడగొట్టుకోండి.

ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లిరావడం డ్యూటీ ప్రయాణం కాదు. సిల్క్ బోర్డు దగ్గర గంటసేపు ఇరుక్కున్నా కాదు. మరి ఇంటి నుంచి నేరుగా కస్టమర్ దగ్గరికి వెళ్తే? చాలా కంపెనీలు మొత్తం దూరంలోంచి రోజువారీ ఆఫీసు దూరం తీసేసి మిగతాది ఇస్తాయి. మీ పాలసీలో ఈ సంగతి రాసి లేకపోతే హెచ్‌ఆర్‌కు ఒక మెయిలు పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. నోటిమాట మేనేజరు మారగానే మారిపోతుంది.

క్లెయిము ఎన్ని రోజుల్లో పెట్టాలన్నది కూడా అక్కడే ఉంటుంది. గడువు దాటితే న్యాయమైన క్లెయిము కూడా పోతుంది.

కారు ఎవరి పేరు మీద ఉంది?

మనవాళ్లలో ఇది చాలామందికి ఎదురయ్యే చిక్కు. కారు నాన్న పేరు మీద ఉంటుంది, ఊళ్లో కొన్నది, ఏపీ నంబరో తెలంగాణ నంబరో. కొడుకు బెంగళూరులో నడుపుతుంటాడు. నాదీ అలాగే ఉండేది, హిందూపురంలో మా నాన్న పేరు మీద. క్లెయిము ఫారంతో ఆర్‌సీ కాపీ అడిగినప్పుడు తెలిసింది. ఆదాయపు పన్ను నిబంధనలు కూడా 'ఉద్యోగి సొంత కారు' అన్న లెక్కలోనే మాట్లాడతాయి. కారు మీ పేరు మీద లేకపోతే, క్లెయిము మొదలుపెట్టకముందే కంపెనీని అడిగి ఒప్పుకున్నట్టు మెయిలు తీసుకోండి, లేదా బదిలీ చేయించుకోండి.

బయటి రాష్ట్రం నంబరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి రిజిస్ట్రేషను మార్కు తీసుకోవాలి. రోజూ కంపెనీ పని మీద తిరిగే బండికి తనిఖీలు ఎక్కువగానే ఎదురవుతాయి. కర్ణాటక (కేఏ) నంబరుకు మారాలంటే ఊళ్లోని ఆర్టీఓ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ), ఇక్కడ లైఫ్ టాక్సు, రెండు మూడు సెలవులు ఖర్చవుతాయి. అయినా చేయించుకోండి.

ఇన్సూరెన్సు పాలసీలో ఒక్క పేరా చదవండి

ప్రైవేటు కారు పాలసీలో వాడకానికి ఉన్న పరిమితులు చెప్పే భాగం ఒకటి ఉంటుంది. కిరాయికి తిప్పకూడదు, పందేలకు వాడకూడదు, శాంపిళ్లు, సొంత సామాను తప్ప ఇతర సరుకు మోయకూడదు, ఇలా నాలుగైదు తీసేసి మిగతా ఏ పనికైనా వాడుకోవచ్చని అందులో ఉంటుంది. అంటే మీరు మీ కారులో కస్టమర్ దగ్గరికి వెళ్లడం తప్పు కాదు. శాంపిళ్ల పెట్టె తీసుకెళ్లడమూ తప్పు కాదు. కానీ డిక్కీ నిండా స్పేర్ పార్టులు వేసుకుని డెలివరీ చేసి రమ్మంటే? అది సరుకు రవాణా. దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు పట్టుకునేది దాన్నే. మా టీములో కుర్రాళ్లు 'ఎలాగూ వెళ్తున్నాను కదా సార్, రెండు మోటార్లు వేసుకెళ్తాను' అంటే నేను ఒప్పుకోను. గూడ్స్ ఆటో పిలిపిస్తాను. ఆరేడొందలు ఖర్చయినా సరే.

యాక్సిడెంటు క్లెయిములో మీ చేతి నుంచి పడేది కూడా లెక్కలో పెట్టుకోండి. 1500 సీసీ లోపు కారుకు 1,000 రూపాయలు, దాటితే 2,000 తప్పనిసరిగా మనమే కట్టుకోవాలి. దానికంటే పెద్ద నష్టం నో క్లెయిమ్ బోనస్. ఐదేళ్లు క్లెయిము లేకుండా నడిపితే 50 శాతం దాకా చేరే తగ్గింపు, ఒక్క క్లెయిముతో సున్నాకు పడిపోతుంది. కంపెనీ పని మీద ఉండగా గీత పడితే ఈ నష్టం ఎవరిది? పాలసీలో రాయించగలిగితే రాయించండి. ఇక ట్రాఫిక్ చలానాలు మాత్రం మనవే, వాటిని క్లెయిములో పెట్టకండి.

మీ కిలోమీటరు అసలు ఖరీదు లెక్క వేయండి

'కిలోమీటరుకు 9 రూపాయలు ఇస్తున్నారు, నా పెట్రోల్ ఖర్చు వచ్చేస్తోంది' అని సంతోషపడేవాళ్లు చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను. టైర్లు మార్చిన రోజు అర్థమైంది.

ఒక మామూలు పెట్రోల్ హాచ్‌బ్యాక్ తీసుకుందాం. లీటరు 103 రూపాయలు, బెంగళూరు ట్రాఫిక్‌లో ఏసీతో 12 కిలోమీటర్ల మైలేజీ అనుకుంటే పెట్రోలుకే 8 రూపాయల 58 పైసలు. పదివేల కిలోమీటర్లకు ఒక సర్వీసు 9,000 అయితే కిలోమీటరుకు 90 పైసలు. నాలుగు టైర్లు 22,000, నలభై వేల కిలోమీటర్లు వస్తాయనుకుంటే 55 పైసలు. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కారుకు ఇన్సూరెన్సు 14,000 అయితే 1 రూపాయి 17 పైసలు. ఇక అందరూ మరిచిపోయేది తరుగుదల. తొమ్మిది లక్షలకు రోడ్డెక్కిన కారును ఎనిమిదేళ్లు, 96,000 కిలోమీటర్లు నడిపి 3 లక్షల 60 వేలకు అమ్మారనుకోండి. పోయిన 5 లక్షల 40 వేలను కిలోమీటర్లకు పంచితే ఒక్కో దానికి 5 రూపాయల 63 పైసలు.

అన్నీ కూడితే 16 రూపాయల 83 పైసలు. కంపెనీ ఇచ్చేది 9. నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే దాదాపు 4,700 రూపాయలు మీ కారు మీరే కంపెనీకి అరగదీసి ఇస్తున్నట్టు.

అలాగని వెళ్లి 17 రూపాయలు అడగమని చెప్పను. కారు ఇంటి ముందు ఊరికే నిలబెట్టినా ఇన్సూరెన్సు కట్టాల్సిందే, ఏళ్లు గడిచేకొద్దీ ధర తగ్గాల్సిందే. అందుకే నా లెక్క ఇలా ఉంటుంది: పెట్రోలు, సర్వీసు, టైర్లు పూర్తిగా, తరుగుదలలో సగం. అది 13 రూపాయల దగ్గరికి వస్తుంది. ఈ అంకెకు జవాబు చెప్పడం ఏ ఫైనాన్స్ మేనేజరుకైనా కష్టమే, ఎందుకంటే ప్రతి పైసా ఎక్కడిదో మీరు చూపించగలరు. మీ సర్వీసు బిల్లు, మీ టైర్ల బిల్లు, మీ మైలేజీ వేసి ఇదే లెక్క మీరు కట్టుకోండి. నా అంకెలు నమూనా మాత్రమే.

మీది అమెరికా కంపెనీ బెంగళూరు ఆఫీసైతే ఇంకో మాట కూడా పనికొస్తుంది. అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఏటా మైలుకు ఒక రేటు ప్రకటిస్తుంది. 2025కు అది 70 సెంట్లు. అందులో ఇంధనం ఒక్కటే కాదు, ఇన్సూరెన్సు, రిపేర్లు, తరుగుదల కూడా కలిసే ఉంటాయి. ఆ రేటు మనకు వర్తించదు. కానీ కారు అరుగుదల కూడా ఖర్చేనన్న సంగతి మీ హెడ్డాఫీసు వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

రేటు పెంచమని అడిగేటప్పుడు ఒక్కరే వెళ్లకండి. ఫీల్డులో తిరిగే నలుగురైదుగురి లెక్కలు కలిపి, బడ్జెట్లు వేసే నెలలకు ముందు, ఒక పేజీ మెయిలు పెట్టండి. పెట్రోలు ధర మారినప్పుడు రేటు ఎప్పుడు సవరిస్తారన్నది కూడా అందులోనే అడగండి. మా టీము అడిగిన రెండో ఏడాదికి రేటు పెరిగింది.

ట్రిప్ షీటు: అదే రోజు, అక్కడికక్కడే

మిగతావన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. కంపెనీ దగ్గర మీ డబ్బును, పన్ను దగ్గర మీ జీతాన్ని, యాక్సిడెంటైతే 'డ్యూటీలోనే ఉన్నాను' అన్న మీ మాటను కాపాడేది ఈ ఒక్క కాగితమే.

ఏం రాయాలి? తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, బయల్దేరినప్పుడు మీటరు రీడింగు, చేరినప్పుడు రీడింగు, పని ఏమిటి, ఎవరిని కలిశారు, టోలు, పార్కింగు. నా డైరీలో ఒక రోజు ఇలా ఉంది:

"12వ తేదీ. మారతహళ్లి ఇల్లు నుంచి నేరుగా హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడ. 48,216 నుంచి 48,254. స్పిండిల్ శబ్దం కంప్లయింటు, బేరింగు మార్చాను, సర్వీసు రిపోర్టు మీద ప్లాంటు ఇన్‌చార్జి సంతకం ఉంది. తిరిగి ఇంటికి 48,293. మొత్తం 77. ఆఫీసు దూరం 18 తీసేస్తే 59. అత్తిబెలె టోలు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి."

ఇంతే. రాయడానికి నిమిషంన్నర. కానీ దీన్ని చదివిన అకౌంట్స్ మనిషికి అడగడానికి ప్రశ్న మిగలదు. సర్వీసు రిపోర్టు మీద అదే తేదీ, టోలు మీద అదే తేదీ. ఒకదానికి ఇంకోటి సాక్ష్యం.

'కస్టమర్ విజిట్' అని మాత్రం రాయకండి. ఏ కస్టమరు, ఏ పని అన్నది రాయండి.

మీటరు రీడింగుకు ఫోనుతో ఫోటో తీయడం మంచి అలవాటు. ఇంజను ఆన్ చేసి, గేరు వేయకముందే ఒకటి. చేరాక పార్కింగులో ఒకటి. సిగ్నల్ దగ్గర మాత్రం వద్దు. ఫోటోకు తేదీ, సమయం దానంతటదే అతుక్కుని ఉంటాయి, నెలాఖరుకు గ్యాలరీ తెరిస్తే నెలంతా వరుసగా కనిపిస్తుంది. మా టీములో ఒకమ్మాయి ఈ ఫోటోలను తనకు తానే వాట్సాప్‌లో పంపుకుని, కింద ఒక వాక్యం వాయిస్ టైపింగుతో కొడుతుంది. ఆదివారం కూర్చుని ఎక్సెల్‌లోకి ఎక్కిస్తుంది. ఆరు నెలలుగా ఆమె క్లెయిములో ఒక్క వరుస కూడా వెనక్కి రాలేదు.

గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్ ఉంది కదా అనుకుంటారు కొందరు. మరిచిపోయిన ట్రిప్పు గుర్తు చేసుకోవడానికి పనికొస్తుంది. కానీ ఇప్పుడు ఆ సమాచారం ఫోనులోనే ఉంటుంది, బ్యాకప్ పెట్టుకోకపోతే ఫోను మార్చినప్పుడు పోతుంది. పాతవి వాటంతటవే చెరిగిపోయే సెట్టింగు కూడా ఉంటుంది. దాన్ని తోడుగా ఉంచుకోండి, దాని మీదే ఆధారపడకండి.

దారిలో సొంత పని పెట్టుకుంటే? హోసూరు నుంచి వస్తూ ఎలక్ట్రానిక్ సిటీలో బావగారింటికి వెళ్లి భోంచేసి వస్తే ఆ చుట్టు తిరిగిన ఏడు కిలోమీటర్లు తీసేయండి. తీసేసినట్టు షీటులో రాయండి కూడా. 'సొంత పని, 7 తగ్గించాను' అని కనిపించిన షీటును చెక్ చేసేటప్పుడు నాకు మిగతా వరుసల మీద కూడా నమ్మకం కలుగుతుంది.

బంకు బిల్లులు, టోలు, పార్కింగు

కిలోమీటరు రేటు ఉన్నా పెట్రోల్ బిల్లులు దాచుకోండి. బంకులో ఇచ్చే స్లిప్పు థర్మల్ కాగితం. కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో నాలుగు వారాలుంటే తెల్లకాగితం అయిపోతుంది. చేతికి రాగానే ఫోటో తీయండి. స్లిప్పు మీద బండి నంబరు పడేలా అడగండి. ఇక్కడి బంకుల్లో "గాడి నంబర్ హాకి బిల్ కొడి అణ్ణా" అంటే సంతోషంగా కొట్టిస్తారు. నంబరు లేని బిల్లు ఎవరి బండిదో ఎవరికి తెలుసు?

అకౌంట్స్ వాళ్లు చేసే ఒక తనిఖీ సంగతి చాలామందికి తెలియదు. మీరు రాసిన కిలోమీటర్లను మీ బిల్లుల్లోని లీటర్లతో భాగిస్తారు. 640 కిలోమీటర్లు రాసి 20 లీటర్ల బిల్లులు పెడితే మైలేజీ 32 వస్తుంది. ఏ పెట్రోలు కారు ఇస్తుంది అంత? ఫైలు పక్కన పెట్టేస్తారు. అసలు సంగతి, మిగతా బిల్లులు మీరు పారేసి ఉంటారు. పంపే ముందు ఈ భాగహారం మీరే చేసుకోండి.

బిల్లులు తక్కువ పడ్డాయని బయట ఖాళీ బిల్లులు కొనే పని మాత్రం ఎప్పుడూ చేయకండి. ఉద్యోగం పోతుంది. పన్ను లెక్కలో తప్పుడు బిల్లులు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం దాకా జరిమానా ఉంది.

టోలుకు ఫాస్టాగ్ స్టేట్‌మెంటే ఆధారం. నెలకోసారి బ్యాంకు పోర్టల్ నుంచి పీడీఎఫ్ దించి, డ్యూటీ ట్రిప్పులకు టిక్కు పెట్టండి. 2025 ఆగస్టు 15న వచ్చిన వార్షిక పాసుతో ఒక చిక్కు ఉంది. ఏడాదికి లేదా 200 ట్రిప్పులకు 3,000 రూపాయలుగా అది మొదలైంది. పాసు ఉన్నప్పుడు ప్లాజా దాటినా విడిగా డబ్బు కట్ కాదు, స్టేట్‌మెంటులో క్లెయిము చేయడానికి అంకె ఉండదు. మరి డబ్బు పెట్టింది మీరే కదా. ఆ మొదటి ధర 3,000ను 200తో భాగిస్తే ట్రిప్పుకు 15 రూపాయలు, మీరు కట్టిన ధరతో ఇదే లెక్క వేసుకోండి. డ్యూటీ ట్రిప్పులు ఎన్నో లెక్కపెట్టి ఆ చొప్పున ఇమ్మని, లేదా పాసు ఖరీదులో కొంత భాగం ఇమ్మని ముందే మెయిలులో ఒప్పించుకోండి. ఈ పాసు జాతీయ రహదారులు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేల మీదే పనిచేస్తుంది. బెంగళూరు చుట్టూ ఉన్న ప్రైవేటు టోలు రోడ్డు, నైస్ రోడ్డులో పనిచేయదు, అక్కడ కట్టినదానికి రసీదు విడిగా దాచుకోండి.

ఎలక్ట్రిక్ కారును ఇంట్లో చార్జి చేసుకునేవాళ్లకు బంకు బిల్లే ఉండదు, కరెంటు బిల్లులో కారు వాటా విడిగా కనిపించదు. మీకు బిల్లుల పద్ధతి కన్నా కిలోమీటరు రేటే సరిపోతుంది. పాలసీలో 'పెట్రోల్ బిల్లు జతచేయాలి' అని ఉంటే దాన్ని మార్పించాకే తిరగడం మొదలుపెట్టండి.

పన్ను: ఈ డబ్బు జీతమా, కాదా?

టెన్షన్ పడక్కర్లేదు, తీరు తెలిస్తే సులువే. కంపెనీ పని కోసం మీరు పెట్టిన ఖర్చును లెక్క చూపించి వెనక్కి తీసుకుంటే అది మీ ఆదాయం కాదు. లెక్క లేకుండా నెలనెలా వచ్చే అలవెన్సు మాత్రం జీతంలో కలుస్తుంది. ఆ అలవెన్సులో డ్యూటీ ప్రయాణాలకు నిజంగా ఖర్చుపెట్టినంత మేరకు మినహాయింపు ఉంది, కొత్త పన్ను విధానంలో కూడా. అయితే ఖర్చుపెట్టినట్టు చూపించాలి. ఇల్లు, ఆఫీసు మధ్య రాకపోకలకు ఒకప్పుడు నెలకు 1,600 మినహాయింపు ఉండేది. అది 2018-19 నుంచి స్టాండర్డ్ డిడక్షనులో కలిసిపోయింది. ఇప్పటికీ దాని కోసం వెతికేవాళ్లున్నారు, వెతక్కండి.

మీ సొంత కారు ఖర్చును కంపెనీ భరిస్తున్నప్పుడు, 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల్లో 3వ నిబంధన ప్రకారం 2026 మార్చి దాకా ఉన్న లెక్క ఇది. కారును కొంత డ్యూటీకి, కొంత సొంతానికి వాడుతూ విడి లెక్కలు లేకపోతే, 1.6 లీటర్ల లోపు ఇంజనుకు నెలకు 1,800, అంతకన్నా పెద్దదానికి 2,400 డ్యూటీ ఖర్చుగా తీసేసి మిగతాదానికి పన్ను వేసేవారు. డ్రైవరు ఉంటే ఇంకో 900 తీసేసేవారు. ఉదాహరణకు 1.2 లీటర్ల కారుకు కంపెనీ నెలకు 9,000 ఇస్తే, 1,800 పోను 7,200 మీ జీతంలో కలిసేది. ముప్పై శాతం శ్లాబులో ఉంటే ఏడాదికి దాదాపు 26,000 పన్ను, సెస్సు కాక.

అదే కంపెనీ దగ్గర ప్రయాణం తేదీ, వెళ్లిన చోటు, కిలోమీటర్లు, ఖర్చు, ఈ నాలుగూ రికార్డుగా ఉండి, ఖర్చంతా డ్యూటీ కోసమేనని కంపెనీ సర్టిఫికెట్ ఇస్తే, ఆ 9,000లో డ్యూటీ ఖర్చు ఎంతైతే అంతా పన్ను లేకుండా పోతుంది. ఆ నాలుగు వివరాలూ ఎక్కడివి? మీ ట్రిప్ షీటువే. మీటరు రీడింగు రాయడానికి బద్ధకించినందుకు ఏడాదికి పాతిక వేలు పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. ఈ 1,800, 2,400 అంకెలు పాత నిబంధనలవి. కాబట్టి మీ క్లెయిము ఏ సంవత్సరానిదైతే ఆ సంవత్సరపు అంకె పేరోల్ వాళ్లను అడిగి రాసుకోండి. ఏప్రిల్‌లోనే అడగండి, ఫిబ్రవరిలో అడిగితే అప్పటికే టీడీఎస్ కట్ చేసేసి ఉంటారు. కంపెనీ ఏటా ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్ చేతికి వచ్చాక మీ క్లెయిము డబ్బు జీతంలో కలిసిందా లేదా అన్నది తప్పకుండా చూడండి.

క్లెయిము పెట్టడం, వెనక్కి వస్తే ఏం చేయాలి

నెలకొకసారి పెట్టండి, మూడు నెలలవి కూడబెట్టకండి. ట్రిప్ షీటు, టోలు స్టేట్‌మెంటు, బిల్లుల ఫోటోలు ఒకే పీడీఎఫ్‌లో, తేదీల వరుసలో ఉండాలి. మేనేజరు సంతకం లేదా 'అప్రూవ్‌డ్' అన్న మెయిలు పైన పెట్టండి. కాపీ ఒకటి మీ సొంత ఫోల్డరులో దాచుకోండి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రమే కాదు.

కొంత కొట్టేసి పంపితే ముందు ఏ వరుస, ఎందుకు అన్నది రాతపూర్వకంగా అడగండి. ఎక్కువసార్లు కారణం చిన్నదే ఉంటుంది: దూరం మ్యాపులో 31 చూపిస్తోంది, మీరు 38 రాశారు. హెబ్బాళ్ దగ్గర దారి మళ్లించారనో, సైటులోపలి గేటు నాలుగు కిలోమీటర్లు అవతల ఉందనో ఒక్క వాక్యం జతచేస్తే పాసవుతుంది. కోపంతో మెయిలు కొట్టకండి. అకౌంట్స్ మనిషి మీ శత్రువు కాదు. రేపు ఆడిటరు అడిగితే ఆయన చెప్పాల్సిన జవాబు మీరు రాసి ఇవ్వండి, ఆయనే మీ తరఫున మాట్లాడతారు. రెండు వారాలకూ కదలకపోతే అప్పుడు మేనేజరును కాపీలో పెట్టండి.

ఉద్యోగం మానేస్తున్నప్పుడు మాత్రం ఆలస్యం వద్దు. రాజీనామా ఇచ్చిన వారంలోనే అప్పటిదాకా ఉన్నవన్నీ పెట్టేయండి. నోటీసు పీరియడ్‌లో తిరిగిన ట్రిప్పులకు వారానికోసారి పెట్టండి. చివరి రోజు ఐడీ కార్డు ఇచ్చేశాక పోర్టల్ తెరుచుకోదు, ట్రిప్ షీటు మీద సంతకం పెట్టే మేనేజరు ఫోను ఎత్తడు. కంపెనీ మీకు చివరి లెక్క తేల్చి ఇచ్చే ఫుల్ అండ్ ఫైనల్ షీటు మీద సంతకం చేసే ముందు, రావాల్సిన క్లెయిముల మొత్తం అందులో విడిగా ఒక వరుసగా ఉందో లేదో చూసుకోండి. లేకపోతే సంతకం ఆపి, అదే రోజు మెయిలు పెట్టండి.